వేంగి సింహాసనం, దాజీ పేట్ మగ్గం

సిద్ధరాములు ఒకచోట పట్టుమని పది నిమిషాలు కూర్చోగా చూసిన మనిషి సోలాపూర్‌లో దొరకడు. టీ నిలబడే తాగుతాడు. పెళ్లి భోజనాల్లో పప్పు తన విస్తరి దాకా వచ్చేలోపే లేచి, బయట చెప్పులున్నాయో లేదో చూసొస్తాడు. దేవుడు అతనికి తగ్గ పనే చూపించాడు. ముప్పై నాలుగేళ్లు సాంచల కార్ఖానాలో టవళ్లు నేశాడు. కరెంటు మగ్గాలను అక్కడి తెలుగువాళ్లు సాంచలంటారు. పొద్దంతా నాలుగు సాంచల మధ్య తిరుగుతూ తెగిన పోగులు అతకడమే పని. కూర్చోవడానికి పీట కూడా ఉండదు. కాలుగాలిన పిల్లికి అంతకంటే మంచి నౌకరీ ఎక్కడ దొరుకుతుంది?

అతన్ని లోపల్నుంచి తిప్పుతున్నది మాత్రం దాజీ పేట్‌లో రేకుల షెడ్డు కింద ఉన్న ఒక చేతిమగ్గం. అది అతని తండ్రి నర్సయ్యది. సోలాపూర్ చాదర్లు దేశమంతా కప్పుకుంటుంది గానీ, గోడకు తగిలించే బొమ్మల బట్టను, అంటే వాల్ హ్యాంగింగును, చేత్తో నేసేవాళ్లు ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. వాళ్లలోనూ మనిషి ముఖాన్ని పోలిక చెడకుండా నేసేవాడు నర్సయ్య ఒక్కడేనని పేట పేటంతా ఒప్పుకునేది. ఆ మగ్గం తనకు రావలసిందని, తమ్ముడు దత్తాత్రి దాన్ని తన్నుకుపోయాడని సిద్ధరాములు వాదం. తండ్రి చేయి తనకొచ్చిందని, దత్తాత్రికి వచ్చింది ఖాళీ కర్రలేనని అంటాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. భార్య లక్ష్మి బీడీల చాట ఒళ్లో పెట్టుకున్న ప్రతిసారీ ఈ కథ వింటూ వచ్చింది. ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో ఆమెకు కంఠతా వచ్చు. కొన్నిసార్లు తొందర పెట్టడానికి తనే అందిస్తుంది.

ఆ కథ ఏమిటంటే, నర్సయ్యకు ఇద్దరు భార్యలు. పెద్దామె మల్లమ్మ సిరిసిల్ల ఆడపడుచు. ఆరేళ్లు కడుపు పండకపోతే నర్సయ్య జోడ్‌భావి పేట్‌లో పుట్టి పెరిగిన సుందరాబాయిని తెచ్చుకున్నాడు. దేవుడికి ఎకసెక్కాలు ఎక్కువ. ఆ ఏడే ఇద్దరికీ నెల తప్పింది. చిన్న భార్య సుందరాబాయికి సిద్ధరాములు ముందు పుట్టాడు. నాలుగు నెలల తర్వాత పెద్ద భార్య మల్లమ్మకు దత్తాత్రి పుట్టాడు. అంటే పెద్దామె కొడుకు చిన్నవాడు, చిన్నామె కొడుకు పెద్దవాడు. తండ్రి బతికున్నన్నాళ్లూ దాని గురించి ఎవరికీ పట్టలేదు. పిల్లలిద్దరూ ఒక కంచంలో తిన్నారు. మగ్గం బల్ల మీద తండ్రికి అటొకడు ఇటొకడు కూర్చుని రంగుల కండెలు అందించారు.

పంతొమ్మిది వందల తొంభైలో, యాభై ఒక్కేళ్లకే, ఒక మధ్యాహ్నం నర్సయ్య గుండె ఆగిపోయింది. శవం లేవకముందే తగువు లేచింది. కొరివి పెట్టినవాడికే మగ్గం అన్న మాట ఏ నోటి నుంచి వచ్చిందో ఇప్పటికీ తేలలేదు. మల్లమ్మ అన్నదమ్ములు సిరిసిల్ల నుంచి జీపు కట్టుకుని దిగారు. సుందరాబాయి తరఫున జోడ్‌భావి పేట్ నుంచి మేనమామలు, వాళ్ల వెంట తాలీంలో కసరత్తు చేసే పహిల్వాన్లు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. బతికుండగా నర్సయ్యకు చాయ్ పోయని వాళ్లంతా ఆయన వారసుణ్ణి తేల్చడానికి తయారయ్యారు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు, కులపెద్దలు కూర్చుని పెద్ద భార్య కొడుకే కర్త అన్నారు. దత్తాత్రి కుండ భుజాన పెట్టుకుని నడిచాడు. ఇరవై రెండేళ్ల సిద్ధరాములును శ్మశానం గేటు దగ్గర సొంత మేనమామలే రెక్కలు పట్టుకుని ఆపేశారు. లోపలికి పోతే ఓడినట్టు ఒప్పుకున్నట్టేనన్నారు. గోడ పైన పొగ లేవడం మాత్రం అతనికి కనబడింది. ఆ తర్వాత అన్నదమ్ములిద్దరూ నడిచిపోయేంత దూరంలోనే ఉంటూ ముప్పై నాలుగేళ్లు మాట్లాడుకోలేదు. ఏ పెళ్లిలోనైనా ఎదురుపడితే ఒకరు పెరుగన్నం దగ్గరుంటే ఇంకొకరు చేతులు కడుక్కునే చోట ఉండేవారు.

ఈ ఏడు మొదటి వానలు పడ్డాక ఒక పొద్దున, జోడ్‌భావి పేట్‌లో సిద్ధరాములు ఇంటి ముందు ఒక స్కూటీ ఆగింది. నడుపుతున్నది దత్తాత్రి కూతురు ఋతుజ. వెనక నుంచి నల్ల చష్మా పెట్టుకున్న దత్తాత్రి తడుముకుంటూ దిగాడు. షుగరు జబ్బు అతని కళ్లను రెండేళ్లలో తినేసింది. వెలుతురు, నీడ తప్ప ఇంకేమీ తెలియదు. గోడ పట్టుకుని గడప దాకా వచ్చి, "సిద్ధన్నా, ఉన్నవా?" అని పిలిచాడు. చిన్నప్పుడు కూడా అతను సిద్ధరాములును అన్న అని పిలిచి ఎరగడు. మల్లమ్మ పిలవనివ్వలేదు. నాలుగు నెలల పెద్దరికం ఒప్పుకుంటే ఎంత దూరం పోతుందో ఆమెకు తెలుసు.

లక్ష్మి చాట పక్కన పెట్టి లేచింది. సిద్ధరాములు మాత్రం, అతని జన్మలో మొదటిసారి, కూర్చున్నచోటే ఉండిపోయాడు.

దత్తాత్రి వచ్చిన పని చెప్పాడు. రాజమండ్రిలో ఎవరో పెద్దలు ఒక సభామందిరం కట్టిస్తున్నారు. దాని గోడకు పాతకాలపు రాజుల పట్టాభిషేకం బొమ్మ కావాలని, చూపు కాస్త ఉన్నప్పుడు తనకు ఆర్డరిచ్చారు. పడుగు ఎక్కించి పెట్టేసరికి చూపు పోయింది. ఊరవతల కుంభారిలో, కార్మికుల కాలనీలో ఇల్లు వచ్చింది. వానలు తగ్గగానే షెడ్డు ఖాళీ చేసి అక్కడికి పోతున్నారు. ఆ ఇంట్లో ఈ మగ్గం పట్టదు. విప్పి కర్రలు చేయాల్సిందే. "నాయిన మాగం మీద ఇదే ఆఖరి బట్ట. ముఖాలు నేసేటోళ్లు ఇంకెవ్వరున్నరు? నువ్వు నేస్తవా?" అని అడిగాడు.

సిద్ధరాములు ఆలోచించి చెబుతానన్నాడు. ఆ మాట అనడానికి ముప్పై నాలుగేళ్లు ఎదురుచూశాడు కాబట్టి, దాన్ని సాగదీసి అన్నాడు. కానీ మర్నాడు దత్తాత్రి నిద్ర లేవకముందే షెడ్డు ముందు నిలబడి తలుపు కొడుతున్నాడు. కార్ఖానాకు సెలవు కూడా చెప్పలేదు. తండ్రి చేయి ఎవరికి వచ్చిందో ఇక లోకానికి తెలిసిపోతుందన్న తహతహలో అతనికి అన్నం కూడా సరిగా సయించలేదు.

రాజమండ్రి నుంచి బొమ్మ గీసిన కాగితం గొట్టంలో చుట్టి పంపారు. బట్ట ఎంత ఉండాలో కాగితమూ అంతే. మధ్యలో సింహాసనం మీద రాజు, ఆయన తల మీద కలశాలతో నీళ్లు పోస్తున్న పురోహితులు. ఒక పక్క పులిజెండా పట్టుకున్న సేనాని. ఇంకో పక్క, చివరన, గుర్రాల దండుతో వెళ్లిపోతూ తల తిప్పి చూస్తున్న ఇంకొక రాజకుమారుడు. ఆ కాగితాన్ని పడుగు కింద పరిచి, పోగుల సందులోంచి కనబడే గీతల ప్రకారం రంగుల పేక అల్లుకుపోవాలి. సిద్ధరాములు కాగితం విప్పుతుంటే, మూల కుర్చీలో కూర్చున్న దత్తాత్రి నోరు తెరిచాడు. "కాయితం పెట్టేకాడ ఒక్క ముచ్చట..." అన్నాడో లేదో, సిద్ధరాములు కస్సుమన్నాడు.

"నాయిన మాగం మీద నాకు నువ్వు నేర్పుతవా?"

 సిద్ధరాములు లక్ష్మిని అడిగి తెచ్చిన పల్లీనూనె కాస్త వేడి చేసి, దూదితో కాగితమంతా అంచుల దాకా పూశాడు. తండ్రి సరిగ్గా అలాగే చేసేవాడు. బొద్దింకలు కొట్టకుండా అలా పూస్తారని పిల్లలిద్దరికీ తెలుసు. ఇన్నేళ్ల తర్వాత ఆ సంగతి గుర్తున్నందుకు సిద్ధరాములు ఛాతీ ఉబ్బింది. షెడ్డంతా నూనె వాసన కమ్ముకుంది. మూల నుంచి దత్తాత్రి ముక్కు ఎగబీల్చి, ఏదో ధైర్యం వచ్చినవాడిలా కుర్చీకి జారగిలబడ్డాడు. కాగితం గురించి మళ్లీ ఎత్తలేదు.

ఆ మగ్గం పద్ధతి ఒకటి చెప్పాలి. అందులో బట్ట బోర్లా పుడుతుంది. నేతగాడికి పైన కనబడేది వెనకవైపు, పోగుల చివర్లన్నీ వేలాడుతూ. అసలు ముఖం నేల వైపు ఉంటుంది. నేసినంత మేరా ముందున్న దుంగకు చుట్టుకుంటూ పోతుంది. కోసి దింపేదాకా బొమ్మ మొత్తం ఎవరూ చూడలేరు. మధ్యలో వంగి కింద నుంచి చూడటం నర్సయ్యకు కిట్టేది కాదు. పురిటి గదిలోకి తొంగిచూసినట్టని కసిరేవాడు. కొడుకులిద్దరికీ ఆ అలవాటు రక్తంలో పడిపోయింది.

పని పాదాల దగ్గర మొదలైంది. సిద్ధరాములు పావుగంట నేసి లేచి షెడ్డులో నాలుగు చుట్లు తిరిగేవాడు. మళ్లీ కూర్చునేవాడు. గుర్రాల గిట్టలు అయ్యేసరికి అతనికి ఇంకో రంధి పట్టుకుంది. వెళ్లిపోతున్న ఆ రాజకుమారుడెవరు? ఋతుజ ఫోను కలిపి ఇచ్చింది. రాజమండ్రిలో ఆర్డరు పని చూస్తున్నది చరిత్ర చెప్పే లెక్చరర్ పద్మ గారు. నేత గురించి అడుగుతారేమో అనుకుని ఎత్తిన ఆవిడకు, వేంగి రాజ్యం వారసత్వం మీద విచారణ మొదలైంది.

వెయ్యేళ్ల కింద గోదావరి, కృష్ణల మధ్య వేంగి రాజ్యం ఉండేదని ఆవిడ చెప్పింది. దాని రాజు విమలాదిత్యుడు. ఆయనకు ఇద్దరు రాణులు. ఒకామె తమిళదేశపు చోళుల ఆడపడుచు, ఆమె కొడుకు రాజరాజ నరేంద్రుడు. ఇంకొకామె కొడుకు విజయాదిత్యుడు. తండ్రి పోగానే సింహాసనం కోసం తగువు పడింది. చోళులు తమ ఆడపడుచు కొడుకు వెనక నిలబడ్డారు. కల్యాణి చాళుక్యులు విజయాదిత్యుడి కొమ్ము కాశారు.

"కల్యాణి అంటే మా దిక్కుదే గద మేడం? మా సోలాపూర్ అవుతల?" అన్నాడు సిద్ధరాములు, నిలబడిపోయి.

అవునండి, ఆ రోజుల్లో మీ ప్రాంతం కూడా వాళ్ల ఏలుబడిలోదేనండి, అంది ఆవిడ. ఇక చూడాలి. వెయ్యేళ్ల కింద తన ఊరి సైన్యం ఓడిపోయే పక్షాన దిగిందని తెలిసి సిద్ధరాములు ఆ పూటంతా స్థిమితంగా లేడు. వీధిలో కనబడినవాడికల్లా చెప్పాడు. ఇద్దరిలో పెద్దవాడెవరు మేడం, పెద్ద రాణి కొడుకు ఎవరు, అని మర్నాడు మళ్లీ ఫోను. అది కచ్చితంగా తేల్చలేమండి అని ఆవిడ అంటే, తేల్చకుండా చదువులెందుకు అని ఫోను పెట్టేశాక విసుక్కున్నాడు.

నడుములు, ఛాతీలు పైకి వస్తున్నకొద్దీ యుద్ధం ముదిరింది. ముందు విజయాదిత్యుడే గద్దెనెక్కాడు. పులిజెండా పట్టుకుని చోళ సైన్యం వచ్చి దించింది. నరేంద్రుడికి పట్టం కట్టింది. బొమ్మలో ఉన్నది ఆ రోజే. కొన్నేళ్లకు కల్యాణి వాళ్ల అండతో విజయాదిత్యుడు మళ్లీ లాక్కున్నాడు. మళ్లీ పోగొట్టుకున్నాడు. కలిదిండి దగ్గర జరిగిన పోరులో చోళుల సేనానులు ముగ్గురు చనిపోతే, వాళ్ల పేరిట నరేంద్రుడు మూడు శివాలయాలు కట్టించాడట. రెండువైపులా చచ్చిన మామూలు జనానికి ఎవరు ఏం కట్టించారో పద్మ గారికీ తెలియదు. మూల కుర్చీలోంచి దత్తాత్రి ఇవన్నీ వినేవాడు. ఒక్కోసారి తలూపేవాడు. ఇద్దరి తండ్రి మాటా, తగువు మాటా షెడ్డులో ఎవరూ ఎత్తలేదు. వేంగి గురించి మాత్రం రోజూ మాట్లాడుకున్నారు.

ముఖాలు మిగిలాయి.  కనురెప్పకు నాలుగు పోగులు, పెదవి మడతకు మూడు. గెలిచిన నరేంద్రుడి ముఖం ఆరు రోజుల్లో అయింది. ఓడిన విజయాదిత్యుడికి తొమ్మిది రోజులు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పనక్కరలేదు. ఆ తొమ్మిది రోజుల్లోనే పద్మ గారు మిగతా కథ చెప్పారు. నలభై ఏళ్లు ఏలి నరేంద్రుడు పోయాక, విజయాదిత్యుడే మళ్లీ వేంగిని దక్కించుకున్నాడట. సిద్ధరాములు ఎగిరి గంతేసినంత పని చేశాడు. దత్తాత్రి వైపు చూశాడు. గుడ్డివాడికి కనబడదు కాబట్టి మనసారా నవ్వాడు. అయితే ఆవిడ ఇంకా ఆపలేదు. ఆయన తన కొడుకును గద్దె మీద కూర్చోబెట్టాడండి, ఏడాది తిరక్కుండానే ఆ కొడుకు యుద్ధంలో పోయాడు, ఇష్టం లేకుండానే ఆయన మళ్లీ కిరీటం పెట్టుకోవాల్సి వచ్చిందని శాసనంలో ఉందండి, అంది. సిద్ధరాములు ఫోను ఋతుజ చేతికిచ్చేసి, ఆ ముఖం దగ్గరికి పోయి కూర్చున్నాడు.

రాఖీ పున్నమి వెళ్లిన నాలుగో రోజు పొద్దున బట్ట కోశారు. మర్నాడు పొద్దున రైలుకు పద్మ గారు వస్తున్నారు. పున్నమినాడు పేటలో పద్మశాలీ మగవాళ్లంతా కొత్త జంధ్యాలు వేసుకున్నారు. సిద్ధరాములు ఒంటి మీది జంధ్యం ఇంకా పచ్చగానే ఉంది. ఋతుజ, అతను చెరో వైపు పట్టుకుని, బట్టను తిరగేసి, నేల మీద పరిచారు. ముఖాలు పైకి చూశాయి. అమ్మ తోడు, ముఖాలు బతికున్నాయి. వెళ్లిపోతున్నవాడి కంట్లో తడి కూడా కనబడింది.  నాయినా, చూసినవా, అనుకున్నాడు సిద్ధరాములు.

తర్వాత చూపు కిందికి జారింది.

పులిజెండా కుడివైపు ఉండాల్సింది ఎడమవైపు ఉంది. రాజు కత్తి ఎడమచేతిలో ఉంది. అదైనా సరే అనుకోవచ్చు. రాజు జంధ్యం కుడి భుజం మీది నుంచి వేలాడుతోంది. వెళ్లిపోతున్నవాడికీ అంతే. జంధ్యం ఎడమ భుజం మీద ఉండాలి. అది కుడి భుజానికి మారేది ఒక్కప్పుడే, చచ్చినవాళ్లకు కర్మ చేసేటప్పుడు. పట్టాభిషేకంనాడు, తల మీద మంగళజలాలు పడుతుండగా, రాజు అపసవ్యంగా కూర్చుని ఉన్నాడు. బొమ్మంతా అద్దంలో చూసినట్టు తిరగబడింది.

దత్తాత్రి అడిగాడు, ఎట్లొచ్చిందని. మస్తుగొచ్చింది నాన్నా, ముఖాలు అసలైనవే అనిపిస్తున్నయ్, అంది ఋతుజ. ఆ పిల్ల కంటికి జంధ్యం కనబడలేదు. దత్తాత్రి ముఖం వెలిగింది. పెద్దనాయినకు చాయ్ పెట్టమని కూతుర్ని పురమాయించాడు. సిద్ధరాములు ఇప్పుడే వస్తానని బయటపడ్డాడు.

ఎండలో పడి నడిచాడు. దాజీ పేట్ సందులన్నీ ఒకటికి రెండుసార్లు తిరిగాడు. ప్రతి షెడ్డులోనూ సాంచలు టకటకమని వెక్కిరించినట్టే వినబడింది. ముప్పై నాలుగేళ్లు ఊరంతా చాటుకున్న మాట ఏమైంది? తండ్రి చేయి నాకొచ్చిందన్నాడు. వచ్చిన చేయి ఇదా? ఇంటికి పోయి లక్ష్మికి చెప్పాడు. ఆమె ఆకు చుడుతూనే విని, "ఎవలు చూసిన్రు?" అంది. ఎవరూ చూడలేదన్నాడు. దత్తాత్రికి కనబడదు, పిల్లకు తెలియదు, రాజమండ్రివాళ్లు పట్టుకుంటారో లేదో దేవుడెరుగు. "మరి ఇంకేంది పరేశాన్? ఊకో" అంది లక్ష్మి.

ఆ మాటతో అతనికి ఊకుండటం మరీ కష్టమైంది. కళ్లులేనివాడి ముందు గెలిచానని నిలబడాలి. ముప్పై నాలుగేళ్ల తగువు చివరికి అట్లా గెలవాలి. సిద్ధరాములుకు తన మీద తనకే రోత పుట్టింది. చెప్పులు మళ్లీ తొడుక్కున్నాడు.

షెడ్డులో దత్తాత్రి నేల మీద బట్ట పక్కనే కూర్చుని, అంచులు తడుముతున్నాడు. చల్లారిన చాయ్ పీట మీదుంది. సిద్ధరాములు నిలబడే చెప్పాడు.

"దత్తూ, బట్ట ఖరాబైంది. అంత ఉల్టా ఒచ్చింది. రాజుల జంజాలు కుడి భుజం మీదున్నయ్."

దత్తాత్రి చేయి ఆగింది. "కాయితం బోర్ల పెట్టలేదా?"

"బోర్ల ఎందుకు పెడ్తరు?"

"ముఖం కిందికుంటది గద అన్నా. కాయితం బోర్ల పెడితేనే బొమ్మ సీద వస్తది. అందుకే నూనె పూసుడు, గీతలు అవుతల దిక్కు కనబడాలెనని. నువ్వు నూనె పూస్తుంటే వాసనొచ్చింది. నీకు ఎర్కున్నదే అనుకున్న."

 "నూనె బొద్దింకలకు గద" అన్నాడు సిద్ధరాములు.

 దత్తాత్రికి నవ్వు మొదలైంది. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చి, చష్మా తీసి కళ్లు తుడుచుకున్నాడు. తనూ అట్లనే అనుకున్నానన్నాడు. నాయిన పోయాక ఆ మగ్గం మీద తను నేసిన మొదటి బట్ట మార్కండేయ స్వామిది. కులదైవం. కోసి దింపి తిరగేస్తే స్వామి జంధ్యం కుడి భుజం మీద ఉంది. సిరిసిల్ల మామలకు చెబితే వాళ్ల పరువు పోతుంది. జోడ్‌భావి పేట్‌కు తెలిస్తే నవ్వి పండగ చేసుకుంటారు. ముక్కలు కోసి నీళ్ల పొయ్యిలో కాల్చాడు. దేవుణ్ణి కాల్చిన పాపం తగులుతుందని వారం రోజులు జ్వరం పడ్డాడు. మూడేళ్లు ఆ మగ్గం మీద ఉత్త చాదర్లే నేశాడు. కాగితం తిరగేయాలన్నది తనకు తానే, తప్పులు చేసీ చేసీ, తెలుసుకున్నాడు.

"నాయిన నీకు చెప్పలేదా?" అన్నాడు సిద్ధరాములు.

"నీకు చెప్పిండా?"

"లేదు."

"నాకు చెప్పలే."

అంతే సంగతి. పిల్లలు లేవకముందే కాగితం బోర్లా పెట్టి, పడుగు సరిచేసి, ఏమీ ఎరగనట్టు కూర్చునేవాడు నర్సయ్య. యాభై ఒక్కేళ్లే కదా, చెప్పడానికి ఇంకా బోలెడు రోజులున్నాయనుకుని ఉంటాడు. కిటుకు ఆయనతోనే చితి మీదికి పోయింది. సిరిసిల్ల దండూ జోడ్‌భావి పేట్ దండూ వచ్చి కొట్టుకున్నది, ఇద్దరిలో ఎవరికీ నేయడం రాని మగ్గం కోసం. ఇన్నేళ్లూ సిద్ధరాములు మనసులో దత్తాత్రి ఆ బల్ల మీద రాజులా కూర్చునే ఉన్నాడు. నీళ్ల పొయ్యి ముందు ఒంటరిగా దేవుడి బొమ్మను కాల్చుకుంటున్న ఇరవై రెండేళ్లవాడు ఎన్నడూ కనబడలేదు. ఆ పూట తను పక్కనుంటే కనీసం తిట్టుకుంటూనైనా ఇద్దరూ కలిసి ఆ కిటుకు వెతికేవాళ్లు.

మళ్లీ నేయడానికి టైము లేదు. జంధ్యాలు మార్చొచ్చన్నాడు దత్తాత్రి. తెల్ల పోగు సూదితో లాగేసి, ఆ చోట ఒంటిరంగు పోగు నింపాలి. ఎడమ భుజం మీద కొత్త తెల్లపోగు ఎక్కించాలి. కత్తి ఎడమచేతిలో ఉంటే ఉండనీ, రాజుల్లో ఎడమచేతివాళ్లు ఉండకూడదా ఏంది, అన్నాడు. సిద్ధరాములు బట్ట మీద బాసింపట్టు వేసుకున్నాడు. దత్తాత్రి వేళ్లు భుజం నుంచి నడుము దాకా తెల్లగీతను తడిమి పట్టి ఉంచితే, సిద్ధరాములు సూది మొనతో పోగు పోగూ ఎత్తి లాగాడు. ఋతుజ సూదుల్లో దారాలు ఎక్కించి ఇచ్చింది. మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటల్లో సిద్ధరాములు ఒక్కసారి కూడా లేవలేదు. లేవలేదన్న సంగతి అతనికి తెలియనే లేదు.

సింహాసనం మీదివాడు సవ్యంగా అయ్యాడు. దత్తాత్రి వేళ్లు ఇంకొక రాజు భుజాన్ని వెతుక్కుంటూ బట్ట మీద జరిగాయి. సిద్ధరాములు ఆ చేయి పట్టుకుని ఆపాడు.

"ఈయన్ని గిట్లనే ఉండనీ. కొడుకు పోయినోడు."

"కొడుకు పోయింది నలభై ఏండ్లకు గద. ఈ బొమ్మల ఇంకా పోలే" అన్నాడు దత్తాత్రి. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "ఈ బొమ్మల పోయింది వాళ్ల నాయినే. ఎన్ని దినాలుంచుతవ్ గట్ల? తిప్పు."

సిద్ధరాములు సూది పట్టుకున్నాడు గానీ గీత ఎక్కడుందో కనబడలేదు. నాయినను ఆఖరుకు సూడలే నేను, అన్నాడు. ఆ మాట ఇన్నేళ్లలో లక్ష్మికి కూడా చెప్పలేదు. చెప్పినదల్లా మగ్గం గురించే.

దత్తాత్రి చీకటి కళ్లు ఎటో చూస్తున్నాయి. "కొరివి పట్టుకుంటే నా చేయి వణికింది అన్నా. నువ్వున్నవని పక్కకు చూసిన. మామ ఉండె" అన్నాడు.

సిద్ధరాములు బట్ట మీదికి వంగి, భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. దత్తాత్రి అతని వీపు మీద చేయి వేశాడు. ఋతుజ చాయ్ వంకతో లోపలికి పోయింది. కాసేపయ్యాక ఇద్దరూ మళ్లీ పనిలోకి వంగారు. పొద్దు వాలేలోపు ఆ రెండో జంధ్యం కూడా మార్చారు.